మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళలో డిప్రెషన్, యాంగ్జైటీ: ఓపీలో ఎలా తేల్చుకోవాలి?

సైకియాట్రీ_పీజీ:
అందరికీ నమస్కారం. తేలిక లేదా మధ్యస్థ స్థాయి మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళని "కోపం ఎక్కువైంది, కొడుతున్నాడు, రాత్రిళ్ళు పడుకోవట్లేదు" అని ఓపీకి తీసుకొస్తుంటారు. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌కి వాడే తొమ్మిది ప్రశ్నల స్కేలు) మొదలుపెడితే ప్రతిదానికీ "ఆ" అంటారు, లేదా వాళ్ళమ్మ మొహం చూస్తారు. యాంగ్జైటీకి వాడే జీఏడీ-7దీ అదే పరిస్థితి. చివరికి కేస్ షీట్‌లో "బిహేవియర్ ప్రాబ్లం" అని రాయడం, రిస్పెరిడోన్ (యాంటీసైకోటిక్ మందు) మొదలుపెట్టడం. అడుగున డిప్రెషన్ ఉందా, యాంగ్జైటీ ఉందా అన్నది పట్టుకునే పద్ధతి కావాలి. ఒక్కొక్కరికి దొరికేది 20 నిమిషాలని గుర్తుపెట్టుకుని చెప్పండి.

తంగేడు (క్లినికల్ సైకాలజిస్ట్):
పీహెచ్‌క్యూ-9 పనిచేయకపోవడంలో వింతేమీ లేదు. "కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు ప్రతిరోజూ" అని అడుగుతుంది. గడిచిన రెండు వారాల్నీ మనసులో పరుచుకుని సగమెంతో లెక్కగట్టగలిగినవాళ్ళకే అది పనికొస్తుంది. పేపర్ చదవడంలో ఏకాగ్రత గురించి ఒక ప్రశ్న ఉంటుంది. చదవడమే రాని మనిషికి ఆ ప్రశ్నతో ఏం తెలుస్తుంది?

ముందు స్కేలు పక్కన పెట్టి, తోడొచ్చినవాళ్ళని ఒక్కటే అడగండి: "బాగున్నప్పుడు ఈయన ఎలా ఉండేవాడు?" కాగితం మీద మూడు గడులు గీయండి: బాగున్నప్పుడు, ఇప్పుడు, ఎప్పట్నుంచి. నిద్ర, తిండి, మాట, స్నానం-బట్టలు, ఇంట్లో చేసే చిన్న పనులు, ఇష్టమైనవి (టీవీలో పాటలు, క్రికెట్, గుడికి వెళ్ళడం), ఏడుపు-కోపం, అడిగిందే అడగడం. ఈ ఎనిమిదింటికీ గడులు నింపడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మామూలుగా రోజుకి రెండుసార్లు అరిచే మనిషి ఇప్పుడూ రెండుసార్లే అరుస్తుంటే అది లక్షణం కాదు. పది సార్లయితే లక్షణం. రాబర్ట్ సోవ్నర్ 1986లోనే ఈ విషయం రాశారు: ఉన్న ప్రవర్తనే మానసిక జబ్బు వచ్చినప్పుడు తీవ్రమవుతుంది, మనం దాన్ని పాతదేలే అని వదిలేస్తాం. "ఎప్పట్నుంచి"కి తేదీ రాకపోతే పండగల్ని పట్టుకోండి. సంక్రాంతికి బాగున్నాడా? ఉగాదికి? వినాయక చవితికి మండపం దగ్గరికి వచ్చాడా?

తర్వాత ఆ మనిషితో మాట్లాడటం. 35 ఏళ్ళ ఆయన్ని "ఒరేయ్ బాబూ" అనకుండా "మీరు" అనండి. తోడొచ్చినవాళ్ళని పక్కకి కాస్త వెనక్కి కూర్చోబెట్టండి, ఆయన చూపు వాళ్ళ మొహం మీదికి పోకుండా. గది నుంచి బయటికి పంపాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి.

అన్నింటికీ "ఆ" అనే అలవాటుని ముందే పరీక్షించుకోండి. "మీ ఇంట్లో ఏనుగు ఉందా?" అంటే కూడా "ఆ" వచ్చిందంటే, అవును-కాదు ప్రశ్నల మీద ఇక ఆధారపడలేరు. అసలు ప్రశ్నలు రెండు వైపులా అడగండి: "రాత్రి నిద్ర పట్టిందా?" అని, కాసేపాగి "రాత్రంతా మెలకువగా ఉన్నారా?" అని. రెండింటికీ "ఆ" అంటే ఆ రెండు జవాబులూ కొట్టేయండి. "ఇదా, అదా?" అని అడిగితే చాలామంది చివర విన్నదే చెప్తారు, కాబట్టి వరస మార్చి మళ్ళీ అడగాలి. "తినట్లేదా?" లాంటి ప్రశ్నలు అసలు వేయొద్దు. దానికి "ఆ" అంటే తింటున్నట్టా, తిననట్టా?

బొమ్మలు వాడేవాళ్ళు ముందు ఒక్క నిమిషం పరీక్షించండి. ఏడుపు మొహం, మామూలు మొహం, నవ్వు మొహం పెట్టి "ఏడుస్తున్నది ఏది?" అని అడగండి. సరిగ్గా చూపిస్తేనే బొమ్మలతో ముందుకెళ్ళండి. "ఎంత"కి మూడు గ్లాసులు బాగా పనికొస్తాయి: ఖాళీది, సగం నీళ్ళది, నిండుది.

నల్లమల (సైకియాట్రిస్ట్):
పైదానికి కొనసాగింపుగా, రోగ నిర్ధారణ ప్రమాణాలు మారితే లెక్క ఎంత మారుతుందో చూడండి. గ్లాస్గోలో 1,023 మంది పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. డాక్టర్ల క్లినికల్ నిర్ణయం ప్రకారం ఏదో ఒక మానసిక సమస్య ఉన్నవాళ్ళు 40.9%. మేధో వైకల్యం కోసమే రాసిన డీసీ-ఎల్‌డీ ప్రకారం 35.2%. అందరికీ వాడే మామూలు ప్రమాణాలైన ఐసీడీ-10 (ప్రపంచ ఆరోగ్య సంస్థది) పరిశోధనా ప్రమాణాలతో 16.6%, డీఎస్‌ఎం-4-టీఆర్ (అమెరికా సైకియాట్రిస్టుల సంఘానిది)తో 15.7%. అవే మనుషులు. మామూలు ప్రమాణాలు పట్టుకుంటే సగానికి పైగా జారిపోతారు.

డీసీ-ఎల్‌డీని బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 2001లో తెచ్చింది. డిప్రెషన్‌కి అది అడిగేవి: రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉండాలి, ఆ మనిషి మామూలు స్థితి నుంచి మార్పు అయ్యుండాలి, మందులో శరీర జబ్బో కారణం కాకూడదు. దిగులుకి బదులు చిరాకు ఉన్నా లెక్కే. "ఏదీ సంతోషంగా అనిపించట్లేదు" అని నోటితో చెప్పనక్కర్లేదు. నలుగురిలోకి రాకపోవడం, ఒంటి శుభ్రం మానేయడం, మాట తగ్గిపోవడం దాని కిందికే వస్తాయి. ఉన్న సమస్య ప్రవర్తన పెరగడం, పదేపదే భరోసా అడగడం, కన్నీళ్ళు, కొత్తగా ఒళ్ళు నొప్పులు అనడం కూడా జాబితాలో ఉన్నాయి. అపరాధ భావం, భవిష్యత్తు మీద నిరాశ లాంటివి మాటల్లో చెప్పగలిగేవాళ్ళలోనే వెతకండి.

ఇంకొక చిక్కు. తమలో తాము మాట్లాడుకోవడం, ఊహాజనిత స్నేహితుడు ఉండటం డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో ఉండే జన్యు స్థితి) ఉన్నవాళ్ళలో మామూలే. బెంగ పెరిగితే ఆ మాటలూ పెరుగుతాయి. దాన్ని సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే జబ్బు) అని రాసేసి మందు పెట్టిన కేసులకి లోటు లేదు.

అక్షరమాల (స్పెషల్ ఎడ్యుకేటర్):
మా వైపు నుంచి చిన్న మాట. ఇంట్లో వాళ్ళు "రోజంతా పడుకునే ఉంటున్నాడు" అంటారు, డే కేర్ సెంటర్‌లో "బాగానే పనిచేస్తున్నాడు" అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

తంగేడు:
ఇద్దరిదీ నమ్మాలి మేడమ్, ఆ తేడాయే సమాచారం. ఇంట్లో మాత్రమే ఉంటే ఇంట్లో ఏం మారిందో వెతకాలి. సెంటర్‌లో మాత్రమే ఉంటే బస్సులో ఎవరు ఏడిపిస్తున్నారు, టీచర్ మారారా, పని మారిందా అని చూడాలి. రెండు చోట్లా ఉంటే డిప్రెషన్ వైపు మొగ్గు ఎక్కువ. చెప్పేవాళ్ళు కనీసం ఆరు నెలలుగా రోజూ చూస్తున్నవాళ్ళయితే మంచిది. హాస్టల్‌లో కొత్తగా చేరిన కేర్‌టేకర్‌కి "ఇదివరకు" అన్నదే తెలియదు.

పచ్చమందు (జనరల్ ఫిజీషియన్):
స్కేళ్ళ దాకా పోకముందు ఒళ్ళు చూడండి. చెప్పుకోలేని మనిషికి నొప్పి కోపంగానే బయటికొస్తుంది.

నోరు తెరిపించి టార్చ్ వేసి పళ్ళు చూడాలి. చెవుల్లో గులిమి చూడాలి, డౌన్ సిండ్రోమ్‌లో చెవి దారి సన్నగా ఉంటుంది కాబట్టి మరీ ముఖ్యం. పొట్ట నొక్కి మలబద్ధకం చూడండి, విరేచనం ఎన్నాళ్ళకోసారి అవుతోందో అడగండి. తీవ్ర స్థాయి వాళ్ళలో యాసిడ్ గొంతులోకి రావడం చాలా ఎక్కువ. తిన్నాక ఏడవడం, రాత్రి పడుకోబెట్టగానే లేచి కూర్చోవడం దాని గుర్తులు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే స్లీప్ అప్నియా. పగటి మగత, చిరాకు అక్కడి నుంచే వస్తాయి. చూపు కూడా పరీక్షించండి. శుక్లం వచ్చిన మనిషి నడవడానికి జంకితే దాన్ని భయం అని రాయడం తేలిక. ఆడవాళ్ళలో నెలసరి తేదీలు రాయించండి. చిరాకు నెలనెలా అదే వారంలో వస్తుంటే దారి వేరు.

రక్త పరీక్షలు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సీబీసీ, బీ12, షుగర్, సోడియం, కాలేయ పరీక్షలు. డౌన్ సిండ్రోమ్ ఉంటే టీఎస్‌హెచ్ ఏటా చేయాల్సిందే, లక్షణాలున్నా లేకపోయినా.

మందుల చీటీ తప్పకుండా చూడాలి. మన దగ్గర మూర్ఛకి ఏళ్ళ తరబడి గార్డినాల్ (ఫినోబార్బిటాల్) మింగుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫినోబార్బిటాల్ మందకొడితనాన్నీ డిప్రెషన్‌నీ తెస్తుంది. మిగతా మూర్ఛ మందులూ చూడండి: లెవెటిరాసిటమ్ మొదలుపెట్టిన వారాల్లోనే చిరాకు, కొట్టడం రావచ్చు. కార్బమజెపిన్ సోడియం తగ్గిస్తే మనిషి నీరసంగా, అయోమయంగా ఉంటాడు. వాల్‌ప్రోయేట్ మీద ఉండి మత్తుగా ఉంటే రక్తంలో అమ్మోనియా చూడండి.

సైకియాట్రీ_పీజీ:
ఇదంతా చూశాక స్కేలు వాడాలంటే ఏది?

తంగేడు:
మాట్లాడగలిగినవాళ్ళకి గ్లాస్గో డిప్రెషన్ స్కేల్, అంటే జీడీఎస్-ఎల్‌డీ. 2003లో వచ్చింది. 20 ప్రశ్నలు, గడిచిన వారం గురించి, 10-15 నిమిషాలు. ప్రతి ప్రశ్నా రెండు అంచెల్లో అడుగుతారు. ముందు అవునా కాదా. కాదంటే 0. అవునంటే "అప్పుడప్పుడా, ఎప్పుడూనా?" అప్పుడప్పుడైతే 1, ఎప్పుడూ అయితే 2. గరిష్ఠం 40. మూల అధ్యయనంలో 13 దగ్గర కటాఫ్ పెడితే డిప్రెషన్ ఉన్నవాళ్ళలో 96% మందిని పట్టింది, లేనివాళ్ళలో 90% మందిని లేరని సరిగ్గా తేల్చింది. కొన్ని ప్రశ్నలు మంచి విషయాల గురించి ఉంటాయి, వాటి మార్కులు తిరగేయాలి. తొందరలో అది మర్చిపోయి బాగున్న మనిషికి ఎక్కువ స్కోరు వేసేస్తుంటారు. కుటుంబం, కేర్‌టేకర్ నింపడానికి 16 ప్రశ్నల అనుబంధం వేరుగా ఉంది.

యాంగ్జైటీకి దాని తోబుట్టువు గ్లాస్గో యాంగ్జైటీ స్కేల్, 27 ప్రశ్నలు: బెంగలు, ఫలానా వాటి భయాలు, ఒంటి లక్షణాలు. ఇంట్లోవాళ్ళు చెప్పేదే ఆధారమైతే ఆడమ్స్ అనే స్కేలు ఉంది: 28 అంశాలు, 0 నుంచి 3. దిగులు, సాధారణ ఆందోళన, నలుగురిని తప్పించుకోవడం, అతి ఉత్సాహం, చేసిందే చేయడం అన్నవాటికి విడివిడిగా స్కోరు వస్తుంది.

గోరింట (పరిశోధన, సైకోమెట్రిక్స్):
ఇక్కడ ఆగండి. ఆ 13 స్కాట్లండ్‌లో, ఇంగ్లిష్‌లో, కొద్దిమంది మీద వచ్చిన అంకె. ఓపీలో అప్పటికప్పుడు నోటికొచ్చిన తెలుగులో అడిగి "కటాఫ్ దాటింది" అని రాయడం తప్పు. పొద్దున ఒక రెసిడెంట్ అడిగిన ప్రశ్నా, మధ్యాహ్నం ఇంకో రెసిడెంట్ అడిగిన ప్రశ్నా ఒకటి కావు. కరీంనగర్ నుంచి వచ్చినాయనని "ఆందోళనగా ఉందా?" అంటే తెల్లమొహం వేస్తాడు. "బుగులైతుందా?", "రంది పెట్టుకున్నవా?" అంటే చెప్తాడు. గుంటూరు ఆయనకి "గాభరాగా ఉందా, బెంగగా ఉందా" అనాలి. రెండు వాక్యాలూ ఒకే తీవ్రతని అడుగుతున్నాయని ఎవరు తేల్చారు?

తంగేడు:
రోగ నిర్ధారణకి ఆ అంకె వాడొద్దన్నదాంట్లో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ అదే మనిషిని ఇప్పుడూ, ఆరు వారాల తర్వాతా అవే వాక్యాలతో అడిగితే పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒక్క షరతు: వాక్యాలు ముందే రాసి ప్రింట్ తీసి పెట్టుకోవాలి. ఎవరడిగినా అదే కాగితం చదవాలి.

గోరింట:
అంతవరకూ సరే. ఆ కాగితం తయారీకి ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. మూలం చూడని మూడోవారు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. తర్వాత వైకల్యం ఉన్నవాళ్ళకే చదివి వినిపించి "నేను ఏం అడిగాను?" అని చెప్పించుకోవాలి. ఈ ఆఖరి మెట్టు దాదాపు ఎవరూ ఎక్కరు. అనువాదం అనుమతి కూడా ముందు తీసుకోండి. రిపోర్ట్‌లో "కటాఫ్ దాటింది" అనకుండా "ఫలానా ప్రశ్నలకి అవునన్నారు" అని రాయండి.

నల్లమల:
యాంగ్జైటీ గురించి విడిగా రాస్తున్నాను, ఎందుకంటే తప్పులు అక్కడే ఎక్కువ. చెప్పుకోలేనివాళ్ళలో అది కనిపించే తీరు: అంటిపెట్టుకుని ఉండటం, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని జవాబు చెప్పినా నిమిషానికోసారి అడగడం, ఒక చోటికి బయల్దేరగానే కింద కూర్చుండిపోవడం, చెమటలు, వణుకు, గుండె దడ, మాటిమాటికీ బాత్రూంకి వెళ్ళడం. కొట్టడం ఉంటే దానికి ముందు ఏం జరిగిందో రెండు వారాలు రాయించండి. కుక్క, కుక్కర్ విజిల్, పటాకులు, జనం ఉన్న బస్సు. ఎప్పుడూ ఒకటే వస్తోందంటే దాని పేరు భయం. మొండితనమని కొట్టిపారేయొద్దు. ఆటిజం కూడా ఉంటే రోజువారీ వరస తప్పినప్పుడు మాత్రమే వస్తోందా అని చూడండి. వరస సరిచేయగానే తగ్గితే మందు అవసరం పడకపోవచ్చు.

ఇక అకథీసియా, అంటే యాంటీసైకోటిక్ మందుల వల్ల వచ్చే నిలకడలేనితనం. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటివి మొదలుపెట్టాక లేదా డోసు పెంచాక రోజుల్లో, వారాల్లో మనిషి ఒక చోట కూర్చోలేడు, కాళ్ళు మార్చి మార్చి నిలబడతాడు, ఇల్లంతా తిరుగుతాడు. ఇంట్లోవాళ్ళు "కంగారు పెరిగింది" అంటారు, మనం డోసు పెంచుతాం, కంగారు ఇంకా పెరుగుతుంది. బార్న్స్ స్కేల్ చెప్పినట్టు కూర్చోబెట్టి రెండు నిమిషాలు, నిలబెట్టి రెండు నిమిషాలు కాళ్ళు గమనించండి. చీటీలో డోసు మార్చిన తేదీ పక్కనే కంగారు మొదలైన తేదీ రాస్తే సగం విషయం బయటపడుతుంది.

అక్షరమాల:
అసలు మాటే లేని తీవ్ర స్థాయి వాళ్ళ సంగతేంటి?

తంగేడు:
వాళ్ళకి ప్రశ్న వేసేదేమీ లేదు, చూడటమే. మూడ్-ఇంటరెస్ట్-ప్లెజర్ ప్రశ్నావళి దానికే తయారైంది. గడిచిన రెండు వారాల్లో నవ్వాడా, గొంతు చేశాడా, ఇష్టమైన వస్తువు వైపు చేయి చాచాడా అన్నది రోజూ చూసుకునేవాళ్ళు నింపుతారు. పూర్తిది 25 అంశాలు, పొట్టిది 12. దానితో పాటు మూడు చార్టులు: పడుకున్న-లేచిన టైము, ప్రతి పూటా ఎంత తిన్నాడు (మొత్తం, సగం, ముట్టలేదు), వారానికోసారి బరువు. తనని తాను కొట్టుకోవడం పెరిగితే డిప్రెషన్ అనే ముందు పచ్చమందు గారి జాబితా మొత్తం మళ్ళీ చూడండి.

చెరువుగట్టు (సోషల్ వర్కర్):
ఇంట్లో ఏం మారిందన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు. "ఏమైనా జరిగిందా?" అంటే "ఏం లేదండీ" అంటారు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి: ఎవరైనా పోయారా, అక్కచెల్లెళ్ళ పెళ్ళయిందా, తమ్ముడు విదేశం వెళ్ళాడా, ఇల్లు మారారా, ఇంట్లో గొడవలున్నాయా, సెంటర్ మూతపడిందా. తండ్రి పోతే "ఊరెళ్ళారు" అని చెప్పి, దినకర్మలప్పుడు బంధువుల ఇంటికి పంపేయడం మన ఇళ్ళల్లో మామూలు. నాలుగు నెలల తర్వాత ఆయన కుర్చీ దగ్గరే కూర్చుని తిండి మానేస్తే, ఆ రెండూ ముడిపడి ఉన్నాయని ఇంట్లోవాళ్ళకే తట్టదు. కొట్టడం, లైంగిక దుర్వినియోగం గురించి కూడా అడగాలి, ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి. ఫలానా మనిషి గదిలోకి రాగానే బిగుసుకుపోతుంటే రాసుకోండి.

సైకియాట్రీ_పీజీ:
ఆత్మహత్య ఆలోచనల గురించి వీళ్ళని అడగొచ్చా? ఇంట్లోవాళ్ళు "వాడికి అవన్నీ తెలియవు" అంటారు.

నల్లమల:
అడగాలి. తేలిక స్థాయి వాళ్ళలో ఆ ఆలోచనలూ ఉంటాయి, ప్రయత్నాలూ ఉంటాయి. ఎంచుకునే మార్గం మనకి చిన్నపిల్లల చేష్టలా కనిపించినా ఉద్దేశం చిన్నది కాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. చావు అంటే తిరిగి రాకపోవడమని తెలుసా అన్నది విడిగా కనుక్కోండి. ఇంట్లో పురుగుమందు, మాత్రలు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్ళతో మాట్లాడి తాళం వేయించండి. టెలీ-మానస్ నంబరు 14416 రాసిచ్చి పంపండి, తెలుగులో మాట్లాడతారు.

పచ్చమందు:
డౌన్ సిండ్రోమ్‌లో 40 దాటినవాళ్ళయితే అల్జీమర్స్ కూడా పక్కనే ఉందని మర్చిపోవద్దు. డిప్రెషన్ వారాల్లో, నెలల్లో మొదలవుతుంది. అల్జీమర్స్‌లో వచ్చిన పనులు నెలల తరబడి ఒక్కొక్కటిగా జారిపోతాయి: దారి, బొత్తాలు, మనుషుల పేర్లు. కొత్తగా ఫిట్స్ వస్తే అల్జీమర్స్ అనుమానం పెరుగుతుంది. థైరాయిడ్, అప్నియా, డిప్రెషన్ సరిచేయకుండా అల్జీమర్స్ ముద్ర వేయొద్దు. 30 ఏళ్ళ వయసులోనే ఏమేం చేయగలరో ఒకసారి రాసి, వీలైతే వీడియో తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చడానికి ఉంటుంది. సదరం సర్టిఫికెట్ మీద శాతం ఇందుకు పనికిరాదు.

సైకియాట్రీ_పీజీ:
20 నిమిషాల్లో ఇదంతా కుదరదు కదా సార్.

నల్లమల:
కుదరదు. రెండు ఓపీలుగా విడగొట్టండి. మొదటి రోజు మూడు గడుల కాగితం, మందుల చీటీ, ఒళ్ళు చూడటం, రక్త పరీక్షలు, చావు గురించిన ప్రశ్న. నిద్ర చార్టు చేతికిచ్చి పంపండి. ఇంట్లో ఫోన్‌లో రెండు మూడు చిన్న వీడియోలు తీయమనండి, బాగున్నప్పటిది ఏదైనా పెళ్ళి వీడియో ఉంటే అదీ తెమ్మనండి. పది రోజులకి రెండో ఓపీలో స్కేలు, డే కేర్ సెంటర్‌కి ఒక ఫోను. ప్రాణానికో, పక్కవాళ్ళకో ప్రమాదం ఉంటే తప్ప ఈ మధ్యలో యాంటీసైకోటిక్ మొదలుపెట్టకండి. పెడితే రెండో ఓపీకి వచ్చేసరికి ఏది జబ్బో ఏది మందో చెప్పలేరు.

అక్షరమాల:
చికిత్స మొదలయ్యాక మళ్ళీ ఎప్పుడు కొలవాలి? మా దగ్గరికి ఫారం పంపితే మేమూ నింపగలం.

తంగేడు:
ఆరు వారాలకి, తర్వాత పన్నెండు వారాలకి. మొదటిసారి ఎవరు నింపారో వాళ్ళే నింపాలి. ఆ టీచర్ సెలవులో ఉంటే వారం ఆగండి గానీ ఇంకొకరితో నింపించొద్దు, మనిషి మారితే స్కోరు మారుతుంది. కొలిచే వారంలో జ్వరం, పెళ్ళి, దసరా సెలవులు లేకుండా చూసుకోండి. మొత్తం స్కోరుతో పాటు మొదటి రోజు మూడు గడుల్లో రాసిన ఎనిమిది విషయాలకీ పక్కన నాలుగో గడి గీసి నింపండి.